వీపున సంచి, ఎదుట నిప్పుల కొండ

వీపుకు సంచి తగిలించుకుని దేశాలు తిరిగే, బ్యాక్‌ప్యాకర్లు అనిపించుకునే యువజనుల మీద మన సమాజంలో ఒక చిన్నచూపు ఉన్నది. వారికి ఇల్లూ వాకిలీ పట్టదనీ, స్నానం తక్కువ, సెల్ఫీలు ఎక్కువ అనీ, ఉన్న ఉద్యోగానికి సెలవు పెట్టి లేని వైరాగ్యాన్ని తెచ్చిపెట్టుకుంటారనీ పెద్దలు ఆడిపోసుకుంటూ ఉంటారు. ఈ నిందలలో ఒక్కటి కూడా నిలవదని నిరూపించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ మధ్య ఒక నవంబరులో, డాలస్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడి వెంట మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశానికి వెళ్లి, అంటిగ్వా అనే పాత వలస పట్టణంలో ఎనిమిది రోజులు ఉండి వచ్చాను కనుక ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు ఉన్నది. ఎనిమిది రోజులు ఉన్న దేశం గురించి ఎవరైనా సాధికారంగా మాట్లాడవచ్చుననే నియమాన్ని కూడా నేను అక్కడి హాస్టల్లోనే నేర్చుకున్నాను.

ముందుగా సంచి సంగతి చెప్పాలి. మా మేనల్లుడి సంచి 60 లీటర్లది. మా ఊళ్లో లీటర్లలో కొలిచేవి పాలు, కిరసనాయిలు, పెట్రోలు మాత్రమే కనుక, సంచిని కూడా లీటర్లలో కొలుస్తారని విని మొదట కంగారుపడ్డాను. "తక్కువ వస్తువులతో బతకడం నేర్చుకోవాలి మావయ్యా, ఇందులో ఉన్న పాఠం అదే" అని అతడు ఆ సంచిని భుజానికెత్తుకోబోయి, వెనక్కి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకుని మరీ చెప్పాడు. ఆ సంచిలో చెరువు నీటిని మంచినీరుగా మార్చే గొట్టం, నుదుటికి కట్టుకునే దీపం, వారం రోజులు ఉతకకపోయినా వాసన రాదని హామీ ఉన్న ఊలు చొక్కాలు, పిడికెడంత మడతపడే దుప్పటి, ఆ దుప్పటిని పిడికెడంతగా మడవడానికి వేరే ఒక సంచి ఉన్నాయి. తక్కువ వస్తువులతో బతకడానికి అతడు పెట్టిన ఖర్చుతో మా నాన్నగారి రోజుల్లో ఒక ఆడపిల్ల పెళ్లి, లాంఛనాలతో సహా, అయిపోయేది.

ఇక పట్టణం. అంటిగ్వా అంటే స్పానిష్ భాషలో పాతది అని అర్థం. ఒక ఊరి పేరే పాతది అయినప్పుడు కొత్తది ఇంకెక్కడో ఉన్నదని మనం గ్రహించాలి. పెద్రో దె అల్వరాదో అనే స్పానిష్ సేనాని 1524లో కక్చికెల్ మాయా ప్రజల రాజధాని ఇషిమ్చె దగ్గర తన మొదటి రాజధానిని ప్రకటించాడు. కక్చికెల్ ప్రజలు మొదట అతని మిత్రులే. మిత్రుడు బంగారం అడుగుతున్న తీరు చూసిన తరువాత తిరగబడ్డారు. దానితో 1527లో రాజధానిని ఆగ్వా అనే కొండ పాదాల చెంత ఉన్న అల్మొలొంగా లోయకు మార్చారు. 1541లో అల్వరాదో మెక్సికోలో ఒక గుర్రం తన మీద పడగా నలిగి చనిపోయాడు. అతని భార్య బెయాత్రిజ్ దె లా కుయెవా ఆ సెప్టెంబరు 9న గవర్నరు పదవిని చేపట్టి, అధికార పత్రం మీద "అభాగ్యురాలు" అని సంతకం చేసింది. రెండు రోజులు తిరిగేలోగా, ఎడతెగని వానలకు నానిన ఆ కొండ వాలు మీది నుంచి బురద, బండలు ముంచుకొచ్చి ఆమెనూ ఆమె రాజధానినీ కలిపి కప్పేశాయి. ప్రభుత్వ పత్రం మీద ఇంత నిఖార్సయిన నిజం రాసిన పాలకులు ఆ తరువాత ఏ దేశంలోనూ పుట్టినట్లు లేదు.

బతికినవారు 1543లో కాస్త అవతలి పాంచోయ్ లోయలో కొత్త రాజధాని కట్టుకున్నారు. అదే నేటి అంటిగ్వా. మునిగిన ఊరికి అది ఎంత దూరమంటే, పోట్లాడుకున్న పక్కింటివాడికి దూరంగా ఉండాలని ఎదురింట్లో అద్దెకు దిగినంత దూరం. దక్షిణాన 3,760 మీటర్ల ఆగ్వా, పడమట జంటగా 3,976 మీటర్ల అకటెనాంగో, 3,763 మీటర్ల ఫుయెగో. ఆగ్వా అంటే నీరు, ఫుయెగో అంటే నిప్పు. ముంచినదానికి నీరని, కాల్చేదానికి నిప్పని పేరు పెట్టిన స్పానిష్ వారి నిజాయితీని మెచ్చుకోవలసిందే అనుకున్నాను గాని, ఫుయెగోను కక్చికెల్ భాషలో అంతకు ముందునుంచే "నిప్పున్న చోటు" అనేవారని తరువాత తెలిసింది. దేశాన్ని తీసుకున్నవారు పేరును మాత్రం ఎందుకు వదులుకుంటారు?

రెండు వందల ముప్పై ఏళ్లపాటు ఆ ఊరు వెలిగింది. ఇప్పటి మెక్సికోలోని చియాపాస్ నుంచి కోస్టారికా దాకా ఉన్న నేలను అక్కడి నుంచే ఏలారు. 1773 జులై 29న, సాంతా మార్తా పండుగనాడు, భూకంపం వచ్చి ఊరిని నేలమట్టం చేసింది. రాజధానిని తరలించాలని గవర్నరు మార్తిన్ దె మాయోర్గా, తరలించరాదని ఆర్చిబిషప్ పెద్రో కోర్తెస్ ఇ లర్రాజ్ రెండు వర్గాలుగా విడిపోయి ఏళ్ల తరబడి పోరాడారు. రాజధాని తరలింపు అన్న మాట చెవిన పడగానే తెలుగు పాఠకుడు నిటారుగా కూర్చుంటాడని నాకు తెలుసు. అయితే ఈ వ్యాసం గ్వాటెమాలా గురించి మాత్రమేనని సవినయంగా మనవి చేస్తున్నాను. చివరకు స్పెయిన్ రాజు మాట నెగ్గి 1776లో రాజధాని ఇప్పటి గ్వాటెమాలా నగరానికి కదిలింది. భూకంపాలకు భయపడి వెళ్లిన ఆ కొత్త నగరాన్ని 1917, 1918లలో భూకంపాలే వెతుక్కుంటూ వెళ్లి కూల్చాయి.

ఈ చరిత్రను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. దాదాపు అయిదు శతాబ్దాలుగా ఈ లోయలో అధికారం ఉన్నవాడు, ధనం ఉన్నవాడు, కాళ్లున్నవాడు ఆ కొండలకు వీలైనంత దూరంగా జరగాలనే చూశాడు. అధికారమూ లేక, ధనమూ లేక, ఎక్కడికీ పోలేనివాడు మాత్రమే వాటి కింద ఉండిపోయాడు. ధనమూ ఉండి, కాళ్లూ ఉండి, విమానం టికెట్ కొనుక్కుని మరీ ఆ కొండ దగ్గరకు పరుగెత్తే మూడో రకం మనిషిని చరిత్రకు ప్రసాదించిన ఘనత మన కాలానిది. ఇంతటి నూతన జాతిని సోమరులని, పనిలేనివారని అనడం అన్యాయం కాదా?

రాజధాని వెళ్లిపోయాక ఉండిపోయిన పేదల దగ్గర కూలినవాటిని కొత్తగా కట్టే డబ్బు లేదు కనుక ఊరు పాతగానే మిగిలింది. పైకప్పు లేని కథెడ్రల్, తీగలు అల్లుకున్న మఠాలు, భూకంపానికి తట్టుకోవాలని పొట్టిగా, లావుగా, గుమ్మటాలు తగ్గించి కట్టిన చర్చీలు, గుండ్రాళ్లు పరిచిన వీధులు అట్లాగే నిలిచాయి. 1979లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. రెండు వందల ఏళ్లు డబ్బు లేకపోతే ఒక ఊరు ఎంత అందంగా తయారవుతుందో చూడటానికి ఇప్పుడు డబ్బున్నవారు వస్తున్నారు. పసుపు రంగు వేసిన సాంతా కాతలీనా తోరణం సంగతే చూడండి. 17వ శతాబ్దం చివర దానిని ఎందుకు కట్టారంటే, ఘోషాలో ఉండే ఆ మఠం సన్యాసినులు వీధికి ఇటు నుంచి అటు పోతున్నప్పుడు పరపురుషుల కంట పడకుండా ఉండటానికి. మూసి ఉన్న నడవ, దాని కింద వీధి. ఇవాళ ప్రపంచంలోని అన్ని దేశాల వారూ అదే తోరణం కింద, వెనుక ఆగ్వా కొండ పడేట్లు సర్దుకుని, వీలైనంత ఎక్కువమంది కంట పడటానికి వరుసలో నిలబడుతున్నారు. మేము వెళ్లిన రోజు ఉదయం ఆరున్నరకే పెళ్లిగౌను వేసుకున్న ఒక అమ్మాయి, ఆమె గౌను కొసను ఎత్తిపట్టుకున్న ఒక అబ్బాయి, వారి వంతు ఎప్పుడు అవుతుందా అని గడియారం చూసుకుంటున్న ఇంకో పెళ్లిగౌను అమ్మాయి ఉన్నారు. మా మేనల్లుడు తన వంతు వచ్చినప్పుడు, ఎవరూ లేని వీధిలో ఒంటరిగా నడిచిపోతున్నట్లు ఫోటో కావాలన్నాడు. ఆ ఏకాంతాన్ని సాధించడానికి పద్దెనిమిది మందిని పక్కకు జరగమని నేను బతిమాలవలసి వచ్చింది.

హాస్టల్ అనగానే మన పాఠకులకు సంక్షేమ హాస్టలు, నీళ్ల సాంబారు, వార్డెను గుర్తుకు రావడం సహజం. ఇంట్లో జరుగుబాటు లేని పిల్లవాడు విధిలేక చేరే చోటు అది. అంటిగ్వాలోని హాస్టల్లో ఇంట్లో జరుగుబాటు ఎక్కువైనవారు చేరుతారు. గదికి పది మంది, ఇనుప మంచం మీద ఇనుప మంచం, ఉమ్మడి స్నానాల గది, పై మంచంవాడి కాలు కింది మంచంవాడి ముఖం ముందు. మా కింది మంచంలో ఉన్న డచ్చి కుర్రవాడు కష్టాన్ని దగ్గరగా చూడటానికి ఉద్యోగం మానేశానని మొదటి రాత్రే చెప్పాడు. రెండో రాత్రి వేడినీళ్లు రాకపోయేసరికి హాస్టలు మీద ఒక్క నక్షత్రం మాత్రమే ఇచ్చి నిద్రపోయాడు. ఆ హాస్టలు వంటింట్లో నాకు జరిగిన ఒక నష్టాన్ని కూడా ఇక్కడే నమోదు చేస్తున్నాను. ఏలకుల ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం గ్వాటెమాలాది; మన కొండల్లో పుట్టిన ఆ పంటను ఒక జర్మన్ తోటల యజమాని అక్కడికి చేర్చాడు. అటువంటి దేశంలో నేను ఏలకుల టీ కోసం మూడు వీధులు తిరిగి దాల్చినచెక్క నీళ్లు తాగి తిరిగి వచ్చాను. పండించినదాంట్లో ఎక్కువ భాగం గల్ఫు వంటి పరాయి దేశాలకు పోతుంది, పండించినవారికి దాని వాడకమే తెలియదు. ఈ ఏర్పాటు పత్తి పండించే మనవారికి బాగానే అర్థమవుతుంది కనుక వివరించను.

బ్యాక్‌ప్యాకర్లు స్థానికుల మధ్య స్థానికుల లాగే మసలుతారనడానికి చికెన్ బస్సు ఒక్కటే చాలిన సాక్ష్యం. అమెరికాలో బడి పిల్లలను మోసి మోసి రిటైరైన పసుపు బస్సులను వేలంలో కొని, మెక్సికో మీదుగా రోడ్డు మార్గాన తెచ్చి, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేసి, ముందు భాగానికి తళతళలాడే క్రోమియం తగిలించి, దేవుడి పేరో కూతురి పేరో రాసి రోడ్డెక్కిస్తారు. పిల్లలు ఇద్దరు కూర్చునే సీటులో పెద్దలు ముగ్గురు కూర్చోవాలి. "గ్వాతె, గ్వాతె, గ్వాతె" అని నగరం పేరును మూడుసార్లు అరుస్తూ కండక్టరు కుర్రవాడు కదులుతున్న బస్సు వెనుక నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కి మూటలు సర్ది, వెనుక తలుపులోంచి లోపలికి దిగుతాడు. మా మేనల్లుడు సంచిని ఒళ్లో పెట్టుకుని, ఒక కాలు గాలిలో, ఒక భుజం కిటికీ బయట ఉంచి, "ఇదే అసలైన జీవితం మావయ్యా" అన్నాడు. ఈ మాట అన్నవాడు రెండేళ్ల క్రితం గన్నవరం విమానాశ్రయంలో దిగి, మా ఊరికి పల్లెవెలుగు బస్సు సిద్ధంగా ఉన్నా, ఏసీ కారు రావడానికి రెండు గంటలు ఆలస్యమవుతుందంటే రెండు గంటలూ కూర్చుని ఉన్నవాడు. అసలైన జీవితం సొంత ఊళ్లో ఉచితంగా దొరికితే దానికి విలువ ఉండదని, కనీసం రెండు విమానాలు మారితే గాని అది అనుభవంగా పండదని నాకు అప్పుడు బోధపడింది.

సంత దగ్గర జరిగినది కూడా చెబుతాను. పక్కనే ఉన్న సాన్ ఆంతోనియో ఆగ్వాస్ కాలియెంతెస్ ఊరి కక్చికెల్ స్త్రీలు మగ్గం ఒక కొసను స్తంభానికి, రెండో కొసను తమ నడుముకు కట్టుకుని నేస్తారు. నేసే మనిషి వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. అంటే మగ్గంలో సగం ఆ మనిషి వెన్నెముకే. వీపిల్ అనే రవికెగుడ్డ ఒకటి నేయడానికి నెలలు పడుతుంది. ఆ దేశంలో నూలును ముందే కట్టి అద్దకం వేసి నేసే పని కూడా ఉన్నది. దాన్ని వారు హస్పె అంటారు, మన పోచంపల్లి ఇక్కత్‌కు దూరపు చుట్టం. ఆ వీపిల్‌కు ముసలామె చెప్పిన ధరను మా డచ్చి కుర్రవాడు సగానికి దించి, అక్కడి నుంచి ఇంకో ఇరవై కెట్జాళ్లు తగ్గించడానికి ఇరవై నిమిషాలు బేరమాడాడు. డాలరుకు ఏడున్నర కెట్జాళ్లకు పైన వస్తాయి. బేరమాడకపోతే వారి సంస్కృతిని అవమానించినట్లు అవుతుందని అతడు నాకు నచ్చజెప్పాడు. ఆమె సంస్కృతిని ఆ విధంగా గౌరవించిన తరువాత వీధి మూలనున్న కాఫీ కొట్టులో, అదే లోయలో పండిన కాఫీని, చెప్పిన ధరకు, మారుమాట్లాడకుండా తాగాడు.

ఇవన్నీ ఉపోద్ఘాతాలు. అసలు వచ్చింది కొండ కోసం. ఫుయెగో 2002 నుంచి ఏళ్ల తరబడి దాదాపు ఆగకుండా పేలుతూ వచ్చిన కొండ. ఊపులో ఉన్న రోజుల్లో పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి నిప్పు కక్కుతుంది. ఇంతటి సమయపాలన మా ఊరికి వచ్చే ఏ బస్సులోనూ నేను చూడలేదు. దానిని చూడటానికి పక్కనున్న అకటెనాంగోను ఎక్కి, సుమారు 3,600 మీటర్ల ఎత్తున రాత్రి బస చేయాలి. లా సొలెదాద్ అనే పల్లె దగ్గర నడక మొదలైంది. మొదట మొక్కజొన్న చేలు, తరువాత మబ్బులు దూరిన అడవి, తరువాత పైన్ చెట్లు, చివర నల్లటి బూడిదరాయి. దూరపు కొండలు నునుపు అన్న మన పెద్దలు ఈ కొండను తప్పకుండా ఎక్కి ఉంటారు. రెండడుగులు వేస్తే ఒక అడుగు కిందికి జారుతుంది.

చేల మధ్య దారిలో నేను చూసిన ఒక మనిషిని మరచిపోలేను. రబ్బరు బూట్లు, మాసిన టోపీ, యాభై దాటిన వయసు. నుదుటి మీదుగా ఒక తోలు పట్టీ, ఆ పట్టీకి తాళ్లతో కట్టి వీపు మీదికి దింపిన కట్టెలమోపు. మెడ నరాలు తాళ్ల లాగానే బిగిసి ఉన్నాయి. ఆ పట్టీని మెకాపాల్ అంటారని, అది స్పానిష్ వారు రాకముందు నుంచి ఉన్నదని గైడు చెప్పాడు. లీటర్లలో కొలిస్తే ఆ మోపు రెండు వందలకు తక్కువ ఉండదు. ఆయన మాకు దారి ఇచ్చి, మోపుతో సహా గట్టు మీదికి ఒదిగి నిలబడి, "శుభోదయం" అన్నాడు. వీపున బరువు మోస్తూ కొండ మీద తిరిగేవాడిని బ్యాక్‌ప్యాకర్ అనాలంటే ఆ పూట అక్కడ ఉన్న ఒకే ఒక బ్యాక్‌ప్యాకర్ ఆయన. ఎందుకంటే మా మేనల్లుడి 60 లీటర్ల సంచి అప్పటికే అతని వీపు మీద లేదు. పల్లె దగ్గరే కూలికి కుదిరిన పంతొమ్మిదేళ్ల కుర్రవాడి వీపు మీద, మాకంటే అరగంట ముందు, పాట పాడుకుంటూ పైకి పోతోంది. సంచి అదే, వీపు మాత్రం మారింది. అద్దెకు తెచ్చిన చలికోటు, అద్దె చేతితొడుగులు, అద్దె వీపు.

పైకి చేరేసరికి పొగమంచు. కొండ లేదు, ఆకాశం లేదు, ఎదుటి మనిషి లేడు. చెక్క గుడిసెల ముందు ఇరవై మందిమి చెక్కబల్లల మీద కూర్చుని తెల్లటి గోడను చూస్తున్నాము. గంట గడిచింది. మా జట్టులో ఒకాయన, కొండ కనపడుతుందని ప్రకటనలో రాశారు కదా, కనపడకపోతే డబ్బు వాపసు ఇస్తారా అని గైడును అడిగాడు. గైడు మంచు తరఫునా కొండ తరఫునా క్షమాపణ చెప్పి, ఇంకో కప్పు వేడి చాక్లెట్ పోశాడు. మా వెంట ఊరి నుంచి ఎక్కివచ్చిన కుక్క ఒకటి ఇదేమీ పట్టించుకోకుండా నా కాళ్ల మీద పడుకున్నది. ఆ చలిని తక్కువగా అంచనా వేయరాదు: 2017 జనవరి 1న అదే కొండ మీద ఆరుగురు గ్వాటెమాలా యువజనులు చలికి బిగుసుకుపోయి చనిపోయారు.

ఎనిమిది గంటలకు తెర లేచింది. మొదట చప్పుడు లేదు. నల్లటి శంకువు కొసన ఎర్రగా ఒక పువ్వు విచ్చుకున్నది, కొన్ని రవ్వలు పైకి లేచాయి, వాలు మీద పడి గెంతుతూ, విరుగుతూ కిందికి దొర్లాయి. రవ్వలనుకున్నవి కారంత బండలని గైడు చెప్పాడు. కొన్ని క్షణాల తరువాత చప్పుడు వచ్చింది. చెవికి కాదు, ముందు బల్లకు, బల్లలోంచి నడుముకు, చేతిలోని కప్పులో చాక్లెట్ మీద ఒక చిన్న వణుకు. నా చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా అంత నిశ్శబ్దంగా ఇరవై మంది కూర్చున్న చోటు నేను చూడలేదు. ఈ ఒక్క క్షణాన్ని వెటకారం చేయడానికి నాకు మనస్కరించడం లేదు, చేయను.

నిశ్శబ్దం ఎక్కువసేపు నిలవలేదు. ఫోనులో సరిగా రాలేదని ఎవరో అన్నారు. వెంటనే ఇరవై మందీ కొండ వైపు తిరిగి స్పానిష్‌లో "మళ్లీ, మళ్లీ" అని అరవడం మొదలుపెట్టారు. మా ఊరి తిరునాళ్లలో రాత్రి రెండు గంటలకు పద్యం అయిపోగానే వన్స్‌మోర్ కొట్టే జనం నాకు గుర్తుకు వచ్చారు. ఎంత గొప్ప నటుడైనా వన్స్‌మోర్ అంటే కరిగిపోతాడు. పావుగంట తిరక్కుండా కొండ కూడా కరిగింది. చప్పట్లు కొట్టారు. మా మేనల్లుడు అద్దె తొడుగులు పళ్లతో పీకి, ఫోను తీసి, "ఇంకొక్కటి, పెద్దది రావాలి మావయ్యా" అన్నాడు.

పెద్దది 2018 జూన్ 3న, ఆదివారంనాడు వచ్చింది. లాస్ లాహాస్ లోయగుండా వందల డిగ్రీల వేడితో బూడిద, వాయువు, రాళ్లు కలిసి, పరుగెత్తే మనిషికి అందనంత వేగంతో దిగివచ్చి సాన్ మిగెల్ లోస్ లోతెస్ అనే పల్లెను కప్పేశాయి. అధికారిక లెక్కల్లోనే దాదాపు 200 మంది మరణించారు, 200 మందికి పైగా గల్లంతయ్యారు. ఊరి మీద పడిన బూడిద లోతు ఎంతంటే, కొన్నాళ్లకు వెతుకులాట ఆపి ఆ నేలనే స్మశానంగా ఎంచవలసి వచ్చింది. అదే వాలులో ఉన్న ఖరీదైన గోల్ఫ్ రిసార్టు అతిథులు మాత్రం ముప్పు రాకముందే క్షేమంగా వెళ్లిపోయారు. పల్లెకు హెచ్చరిక ఎవరు, ఎప్పుడు, ఎవరికి పంపారు, పంపినదాన్ని ఎవరు చదివారు అనే విషయం మీద భూభౌతిక సంస్థకూ విపత్తుల సంస్థకూ మధ్య వాదం నడిచింది. ఆ పల్లె కొండకు ఆగ్నేయ దిక్కున ఉన్నది. మేము కూర్చున్న బల్లల వైపు నుంచి అది కనపడదు. అకటెనాంగో మీది బస గుడిసెలన్నీ కొండను చూసేవే గాని, కొండ దేనిని చూస్తున్నదో చూపేవి కావు. నిర్మాణ శాస్త్రంలో దీనిని మంచి వీక్షణం అంటారు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు అని మనకు ఒక సామెత ఉన్నది. ఈ సామెతలో ఆ రెండోవాడికి అన్యాయం జరిగిందని నా నమ్మకం. అతనికి ఇల్లు కాలడంతో సంబంధం లేదు, అతడు కాల్చలేదు, నిప్పు వృథా పోతున్నది, చుట్ట చేతిలో ఉన్నది. పైగా అతడు అడిగాడు, ఊరికే తీసుకోలేదు. ఆ మర్యాద కూడా అక్కరలేని చోటు పకాయా కొండ. అంటిగ్వా నుంచి ఒక పూటలో వెళ్లిరావచ్చు. 2021లో ఆ కొండ నుంచి దిగిన లావా కింది ఊళ్లవారి కాఫీ, అవకాడో తోటల మీదికి పాకింది. గడ్డకట్టిన లావా రాళ్ల సందుల్లో ఇంకా వేడి మిగిలి ఉన్నచోట మార్ష్‌మాలో అనే చక్కెర దూదిముద్దను కర్రకు గుచ్చి కాల్చుకు తినడం అక్కడి యాత్రలో ముఖ్య ఘట్టం. గైడు రాళ్ల మధ్య సందు చూపించి, ఇరవై మందిని వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరికి రెండు ముద్దలు పంచాడు. నాకు రెండూ ఇచ్చారు. మొదటిది మాడింది, రెండోది బాగా కుదిరింది. పైన బంగారు రంగు, లోపల పాకం.

తిరుగుదారిలో నా మోకాళ్లు మొరాయించాయి. ఈ విషయం నాకంటే ముందు ఒక గుర్రం యజమానికి తెలిసింది. ఎక్కేటప్పుడే ఆయన కాలిబాట మొదటి నుంచి నా వెనుక పదడుగుల దూరంలో గుర్రాన్ని నడిపించుకుంటూ, నేను ఆగినప్పుడల్లా ఆగుతూ, "టాక్సీ?" అని ఒక్క మాట అడుగుతూ వచ్చాడు. నేను ఎంత ధైర్యంగా తల అడ్డంగా ఊపినా ఆయన నా ఊపిరి చప్పుడునే నమ్మాడు. దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర నేను ఆయన వైపు తిరిగాను. నూరు కెట్జాళ్లన్నాడు. సంస్కృతిని గౌరవించవలసిన బాధ్యత నాకూ ఉన్నది కనుక ఎనభైకి దింపాను.

గుర్రం నింపాదిగా నడుస్తున్నది. ఆయన కళ్లెం పట్టుకుని పక్కన నడుస్తూ, మీ దేశంలో ఇట్లాంటి కొండలున్నాయా అని అడిగాడు. మా మేనల్లుడు తర్జుమా చేశాడు. మండేది ఒక్కటే ఉన్నదని, అది అండమాన్ దగ్గర సముద్రం మధ్య ఒక దీవి అని, దాని మీద మనుషులు ఉండరని, ఎవరినీ దిగనివ్వరని చెప్పాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మనుషులు లేకపోతే మరి చూడటానికి వచ్చినవాళ్లకు గుర్రం ఎవరిస్తారు?" అన్నాడు. ఎవరూ రారని చెబితే, పాపం అన్నట్లు తల ఊపాడు. ఆ పాపం దీవికో, మాకో తేల్చి చెప్పలేదు.

కింద దిగాక నూరు కెట్జాళ్ల నోటు ఇచ్చాను. ఆయన దగ్గర చిల్లర లేదు. మా మేనల్లుడి దగ్గరా లేదు. వ్యాను హారన్ కొడుతున్నది, కర్ర అద్దెకిచ్చిన పిల్లవాడు కర్ర కోసం చేయి చాపి నిలబడ్డాడు, గుర్రం నా వైపు చూస్తున్నది. ఆ ఇరవై కెట్జాళ్ల చిల్లర కోసం ఆయన మూడు కొట్లకు వెళ్లి వచ్చేదాకా, మార్ష్‌మాలో జిగట ఇంకా వదలని వేళ్లతో, నేను అక్కడే నిలబడి ఉన్నాను.